మాట ఎక్కడ కుదించుకుంటుంది? చెన్నైలో తెలుగు చెవికి తగిలే పొట్టి మాటలు

తమిళ పుస్తకంలో రెండు అంకెకు ‘ఇరండు’ అని ఉంటుంది. చెన్నై వీధుల్లో ఆ మాట దాదాపు వినపడదు. కూరగాయల బండి దగ్గరా, ఆటో స్టాండులోనూ, బస్సు కండక్టరు నోటా వినపడేది ‘రెండు’. అచ్చం మనం పలికినట్టే ఉంటుంది. కొత్తగా ఈ ఊరు వచ్చిన తెలుగువారు అది విని, మన మాట తమిళంలో కలిసిపోయిందని సంతోషపడతారు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నవారు కూడా చాలామంది అలాగే నమ్ముతారు. కానీ తమిళుల ‘రెండు’ తమిళుల సొంతం. వాడుక తమిళంలో మాట మొదట ఉన్న ఇకారం తరచుగా ఎకారం అవుతుంది. ఆకు అనే అర్థమున్న ‘ఇలై’ని ‘ఎలె’ అంటారు, చోటు అనే అర్థమున్న ‘ఇడం’ను ‘ఎడం’ అంటారు. అదే దారిలో ఇరండు ‘ఎరండు’ అయింది. ఆపైన ముందున్న ఎకారం రకారంలో కలిసిపోయి ‘రెండు’ మిగిలింది.

మన రెండు కూడా ఒకప్పుడు ఆ మూలం నుంచి వచ్చినదే. అయితే మనం ఆ పని చాలా ముందే ముగించాం. నన్నయ నాటికే తెలుగులో రెండు స్థిరపడి ఉంది. కన్నడం ఇప్పటికీ ‘ఎరడు’ అంటూ ముందు అచ్చును వదలలేదు. ఒకే తల్లి మాట తెలుగులో వెయ్యేళ్ళకు ముందే పొట్టిదైంది, తమిళంలో నోట పొట్టిదై రాతలో నిడివిగానే ఉంది, కన్నడంలో నిలిచిపోయింది.

తెలుగుకు ఇలా మాట ముందుభాగాన్ని సర్దుకునే అలవాటు ఎంత పాతదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తమిళంలో ‘అవన్’, మనకు వాడు. వాళ్ళకు ‘ఉరల్’, మనకు రోలు. వాళ్ళకు ‘ఉళ్’, మనకు లో. వాళ్ళకు ‘ఇరవు’, మనకు రేయి. వాళ్ళకు ‘ఇళ’, మనకు లేత. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు దీని వెనక ఉన్న క్రమాన్ని వివరించారు. మాట మొదట ఉన్న అచ్చు పక్కనున్న హల్లును దాటి వెళ్ళి, ఆ తర్వాతి అచ్చుతో కలిసిపోయింది. అందుకే వాడు, రోలు, రేయి, లేత అన్నింటిలోనూ మొదటి అక్షరానికి దీర్ఘం కనిపిస్తుంది. పోయిన అక్షరం జాడ ఆ దీర్ఘంలో ఉంది. తర్వాతి కాలంలో మరో విడత కుదింపు వచ్చింది. వ్రాయు, మ్రాను, క్రొత్త, క్రింద, ప్రొద్దు అనే మాటల్లోని రకారం పోయి రాయు, మాను, కొత్త, కింద, పొద్దు అయ్యాయి. ‘వ్రాయు’ అని రాసేవారు నేటికీ కొందరున్నారు గానీ, ‘రాయు’ తప్పు అని ఎవరూ అనరు.

పొట్టి మాటల గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. మాట చిన్నదవడానికి ఒక క్రమం ఉంటుంది. ఒక్కో భాష, ఒక్కో ప్రాంతం ఒక్కో చోట కత్తిరిస్తుంది. ఎక్కడ కత్తిరిస్తుందో తెలిస్తే, అర్థం కాని పొట్టి మాట వెనక ఉన్న పూర్తి మాటను పట్టుకోవచ్చు. సోమరితనమనీ, నాలుక తిరగకపోవడమనీ కొట్టిపారేస్తే ఆ తాళంచెవిని పారేసుకున్నట్టే.

ఒకే మాట, మూడు చోట్ల కోత

‘రాలేదు’ అనే మాటను దగ్గరగా చూద్దాం. తమిళంలో దీని రాత రూపం ‘వరవిల్లై’. చెన్నైలో ఎవరైనా ఫోనులో చెప్పేటప్పుడు అది ‘వరలె’ అవుతుంది. మధ్యలో ‘వి’ పోయింది, చివరి ఐకారం ఎకారంగా తేలిపోయింది. కన్నడంలో పూర్తి రూపం ‘బరలిల్ల’. బెంగళూరులో వినపడేది ‘బర్లిల్ల’. అక్కడ చివర భద్రంగా ఉంది, మధ్యలో ఒక్క అకారం మాత్రం జారిపోయింది. మన రాలేదు తెలంగాణలో ‘రాలే’ అవుతుంది. అక్కడ మొదలూ మధ్యా చెక్కుచెదరలేదు, చివరి ‘దు’ పోయింది.

ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. మూడింటిలోనూ లకారం పోలేదు. లేకపోవడం అనే అర్థం మొత్తం ఆ లకారం మీదే నిలబడి ఉంది. దాన్ని తీసేస్తే ‘వచ్చాడో రాలేదో’ తెలియదు. నాలుక తనకు తోచినట్టు కోయదు. అర్థాన్ని మోసే అక్షరాన్ని వదిలి, పక్కవాటిని తీసేస్తుంది. చెన్నైకి వచ్చిన తెలంగాణ మనిషి ‘వరలె’ అనే మాటను మొదటి రోజే అర్థం చేసుకుంటాడు. ఆ సౌకర్యం పుస్తకం చదివి వచ్చినవారికి ఉండదు. తమిళం కుదించుకున్న చోటూ, తెలంగాణ తెలుగు కుదించుకున్న చోటూ చివరికి ఒకదానికొకటి చాలా దగ్గరగా వచ్చాయి.

కాలాన్ని చెప్పే మాటలూ ఇంతే. తమిళ రాతలో ‘అప్పొళుదు’, ‘ఇప్పొళుదు’, ‘ఎప్పొళుదు’ అని ఉండేవి నోట్లో ‘అప్పో’, ‘ఇప్పో’, ‘ఎప్పో’ అవుతాయి. వాటిని మనం పొట్టి మాటలనుకుంటాం. మన అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు కూడా పొద్దు అనే మాట కలిసి కుదించుకుపోయినవేనన్నది మనకు గుర్తుండదు.

ఏ మాట చిన్నదవుతుంది, ఏది కాదు

ఎక్కువగా వాడే మాట త్వరగా చిన్నదవుతుందన్నది అందరూ ఒప్పుకునే విషయం. పాత గుడిలో ఎక్కువమంది కాలు మోపే మెట్టే ముందు అరుగుతుంది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1930ల్లో దీన్ని లెక్కలతో చూపించాడు. ఏ భాషలోనైనా తరచుగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయి, అరుదుగా వాడేవి పొడుగ్గా ఉంటాయి. టెలిఫోను ఫోను కావడం, ఆమ్నిబస్సు బస్సు కావడం ఇందులోనివే.

కానీ వాడకం ఒక్కటే మొత్తం కథను చెప్పదు. ‘కొను’ అనే క్రియను చూడండి. ‘చేసికొని’ అనే మాట ‘చేసుకొని’ అయింది, ఆపైన ‘చేసుకుని’ అయింది. మాటల్లో ‘చేస్కుని’ దాకా వెళ్తుంది. ఇన్ని మార్పులు చూసిన అదే ‘కొని’, ‘బియ్యం కొని తెచ్చాడు’ అనే వాక్యంలో ఒక్క అక్షరం కూడా కదలదు. ‘బియ్యం కుని తెచ్చాడు’ అని ఏ ప్రాంతపు తెలుగు మనిషీ అనడు. మాట అదే, వాడకంలోనూ లోటు లేదు. మరి ఒకచోట అరిగి, మరోచోట అరగకపోవడానికి కారణం ఏమిటి?

‘బియ్యం కొని’ అన్నప్పుడు కొనడం ఒక పని. డబ్బు ఇవ్వాలి, సరుకు తీసుకోవాలి. ‘చేసుకుని’ అన్నప్పుడు అందులో కొనడమేమీ లేదు. చేసే పని ఫలం చేసినవాడికే దక్కుతుందని తెలిపే గుర్తుగా మాత్రమే ఆ మాట మిగిలింది. సొంత అర్థం పోయి వ్యాకరణంగా మారిన మాట మీద నాలుక బరువు వేయదు. బరువు లేని మాట కుదించుకుపోతుంది.

తమిళంలో ఇదే నియమం ‘విట్టు’ అనే మాటలో కనిపిస్తుంది. విడు అంటే వదులు. ‘ఇల్లు వదిలి వెళ్ళాడు’ అని చెప్పేటప్పుడు ‘విట్టు’ పూర్తిగా పలుకుతారు. సెలవు తీసుకునేటప్పుడు అనే ‘పోయ్ విట్టు వరుగిరేన్’ మాత్రం చెన్నైలో ‘పోయిట్టు వరేన్’ అవుతుంది. అక్కడ వదలడం అనే పని లేదు గనుక ‘వి’ నిలవలేదు. మనం అదే సందర్భంలో ‘వెళ్ళి వస్తాను’ను ‘వెళ్ళొస్తాను’ అంటాం, కన్నడిగులు ‘హోగి బరుత్తేనె’ను ‘హోగ్‌బర్తీని’ అంటారు. వెళ్తున్నానని చెప్పి ఊరుకోకుండా తిరిగి వస్తానని కూడా చెప్పే మర్యాద మూడు భాషల్లోనూ ఉంది. రోజూ చెప్పే మాట గనుక మూడింటిలోనూ అది ముడుచుకుంది.

ఇంగ్లీషులోనూ ఇదే జరిగిందంటే నమ్మాలి. ‘గోయింగ్ టు’ను వాళ్ళు ‘గొనా’ అంటారు. అయితే తినబోతున్నాను, చదవబోతున్నాను అనే అర్థంలోనే ఆ పొట్టి రూపం చెల్లుతుంది. ఊరికి వెళ్తున్నానని చెప్పడానికి ‘గొనా’ వాడితే అది ఇంగ్లీషే కాదు. ఎందుకంటే అక్కడ నిజంగా వెళ్ళడం ఉంది. మన ‘తినబోతున్నాను’లో ఉన్నది కూడా పోవడమే కదా. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు, పోవడం అనే క్రియను భవిష్యత్తుకు గుర్తుగా మార్చుకుని, ఆ గుర్తుగా వాడినప్పుడే దాన్ని మార్చాయి. ఈ ఒక్క ఉదాహరణ తెలిసినప్పటి నుంచి, మాట కుదించడం అనాగరికం అనే వాదనను నేను ఒప్పుకోలేకపోతున్నాను.

‘వలెను’ కూడా ఇదే కోవలోది. చేయవలెను చేయాలి అయింది, కావలెను కావాలి అయింది, వలదు వద్దు అయింది. వద్దులో వలదును చూడగలిగేవారు ఈరోజు ఎందరున్నారు? తమిళంలో దాదాపు ఇదే పని చేసే ‘వేండుం’ నోట ‘వేణుం’ అయింది, దాని వ్యతిరేకార్థం ‘వేండాం’ నోట ‘వేణాం’ అయింది.

చెన్నై గురించి చెబుతూ ‘కిను’ను వదిలిపెట్టలేం. మన ‘కొని’ లాంటి ‘కొండు’ అనే మాటను తమిళనాట చాలా ప్రాంతాల్లో ‘కిట్టు’ అంటారు. చెన్నై పాత పేటల్లో, ముఖ్యంగా ఉత్తర భాగంలో, అది ‘కిను’ అవుతుంది. ‘వందుకిను’ (వస్తూ), ‘పేసికిను’ (మాట్లాడుతూ) అని సాగే ఆ మాటతీరును మద్రాస్ బాషై అని పిలిచి, చదువుకున్నవారు చాలాకాలం చిన్నచూపు చూశారు. తెలుగు చెవికి మాత్రం ‘కిను’ పరాయిగా తోచదు. మన ‘కుని’ ఎంత దూరం ప్రయాణించిందో అదీ అంతే దూరం ప్రయాణించింది. పుస్తకాల్లో ‘చేసుకుని’ రాసే మనకు ‘పేసికిను’ను తక్కువ చేసే హక్కు లేదు.

వినడానికి ఒకటే, అర్థం వేరు

కుదించుకున్న మాటలతో అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. పొడుగు మాటలు దేనికవే వేరుగా ఉంటాయి. కత్తిరించాక మిగిలిన రెండు మూడు అక్షరాలు మరో భాషలోని మరో మాటను పోలి ఉంటాయి.

‘ఏన్’ అనే చిన్న మాటను తీసుకోండి. తమిళుడు ‘ఏన్’ అంటే ‘ఎందుకు’ అని అర్థం. కన్నడిగుడు ‘ఏన్’ అంటే ‘ఏమిటి’ అని అర్థం. అది ‘ఏను’ అనే మాట చివర ఉకారం పోగా మిగిలినది. మన పాత కావ్యాల్లో ‘ఏను’ అంటే ‘నేను’. బెంగళూరులో కొన్నాళ్ళుండి చెన్నైకి మారిన తెలుగు ఉద్యోగికి మొదటి నెల అంతా ఈ మాట పరీక్షే. ‘ఏన్ వరలె’ అని అడిగితే ఎందుకు రాలేదని అడుగుతున్నారు. ఏమి రాలేదని అడుగుతున్నట్టు అనిపించి వేరే జవాబు చెబుతాడు.

‘ఆచ్చు’ మరో ఉదాహరణ. తమిళ రాతలో ‘ఆయిట్రు’. అంటే అయింది. ‘పోయిట్రు’ ‘పోచ్చు’ అయినట్టే అది ‘ఆచ్చు’ అయింది. ‘అయిందా’ అని అడగడానికి ‘ఆచ్చా’ అంటారు. హిందీ తెలిసినవారికి అది ‘అచ్ఛా’లా వినిపిస్తుంది. భోజనం అయిందా అని ఆప్యాయంగా అడిగిన మాటకు, బాగుందని ఒప్పుకుంటున్నట్టుగా తల ఊపి ఊరుకుంటారు. కన్నడంలో ‘అంతె’ అంటే మన ‘అట’. తెలుగు చెవి దాన్ని ‘అంటే’గా విని, తర్వాత వివరణ వస్తుందని ఎదురుచూస్తుంది.

అన్నింటిలోకీ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పైన చెప్పిన వేణుం, వేణాం జంట. కావాలి, వద్దు అనే రెండు వ్యతిరేక అర్థాల మధ్య తేడా ఒక్క అచ్చు. పైగా వాడుకలో చివరి మకారం ముక్కులోకి పోతుంది. కిరాణా కొట్టులో సంచి కావాలా అని అడిగితే ఇచ్చే జవాబులో ‘ణు’, ‘ణా’ల తేడా చెవికి పట్టాలంటే కొంతకాలం పడుతుంది. నేను కొత్తవారికి చెప్పే సలహా ఒకటే. ఆ రెండింటినీ పొట్టి రూపాల్లో నేర్చుకోవద్దు. ముందు వేండుం, వేండాం అని నేర్చుకోండి. డకారం తోడుంటే అచ్చు తేడా గట్టిగా వినిపిస్తుంది. ఆ తర్వాత డకారాన్ని వదిలేయడం చెవికి దానంతటదే అలవాటవుతుంది.

అంకెలూ ఇంతే. ‘ఒన్రు’ ఒణ్ణు అవుతుంది, ‘మూన్రు’ మూణు అవుతుంది, ‘నాన్గు’ నాలు అవుతుంది, ‘ఐందు’ అంజు అవుతుంది. ఒణ్ణు, అంజు కాస్త తికమక పెడతాయి, మిగిలినవి మన అంకెలకు దగ్గరే.

మర్యాద కూడా కుదించుకుంటుంది

రండి అనడానికి తమిళ రాతలో ‘వారుంగళ్’ లేదా ‘వాంగళ్’ అని ఉంటుంది. నోట ‘వాంగ’. చెప్పండి అనే ‘సొల్లుంగళ్’ నోట ‘సొల్లుంగ’ అవుతుంది. బహువచనానికి గుర్తయిన ‘గళ్’లోంచి ళకారం పోయింది గానీ, గౌరవం మొత్తం ‘ంగ’లో ఉంది. తెలుగువారు తొందరలో ‘వా’, ‘సొల్లు’ అని నేర్చుకుని పెద్దవారితో కూడా అలాగే మాట్లాడతారు. మాట మరీ చిన్నదైంది, తప్పు లేదనుకుంటారు. ‘అండి’ తీసేసి మన మామగారితో మాట్లాడినట్టు ఉంటుంది అది. తమిళం ఎంత కుదించినా ‘ంగ’ను ముట్టుకోదు.

స్పానిష్‌లో మీరు అనడానికి ‘ఉస్తేద్’ అంటారు. ‘వుయెస్త్రా మెర్సెద్’, అంటే ‘మీ దయ’, అనే పెద్ద సంబోధన అరిగి అరిగి ఆ ఒక్క మాట అయింది. పోర్చుగీసులోని ‘వొసె’ కూడా అలాగే పుట్టింది. ప్రభువులను పిలిచే పిలుపు వీధిలోకి వచ్చేసరికి రెండు అక్షరాలైంది. ఇంగ్లీషులో సెలవు చెప్పే ‘గుడ్‌బై’ దేవుడు మీకు తోడుండాలనే దీవెన కుదించుకోగా మిగిలినది.

బంధుత్వపు పిలుపుల్లో చెన్నైకి తెలుగు ఇచ్చినది ఒకటుంది. నాయన అనే మాట నైనా అయి, చెన్నై తమిళంలోకి వెళ్ళి అక్కడి మాటగా స్థిరపడింది. డబ్బు కూడా అలాగే చేరింది. నగరం పుట్టినప్పటి నుంచీ ఇక్కడ తెలుగు పేటలు ఉన్నాయి. నాయన వంటి ఇంటి మాట తమిళ వీధిలో నిలిచిందంటే ఎన్ని తరాల ఇరుగుపొరుగు ఉండాలో ఊహించవచ్చు.

గ్రామ్యం, మరూఉ

పొట్టి మాటలను ఏమనాలనే విషయంలో తెలుగు, తమిళ వ్యాకరణాలు రెండు వేరు దారులు పట్టాయి. ఆ కథలో చాలా భాగం ఈ నగరంలోనే జరిగింది.

పరవస్తు చిన్నయసూరి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. ఆయన బాలవ్యాకరణం తెలుగు రాతకు దాదాపు శాసనంగా నిలిచింది. అందులో ‘లక్షణవిరుద్ధంబగు భాష గ్రామ్యంబు’ అని ఒక సూత్రం ఉంది. లక్షణానికి, అంటే వ్యాకరణ నియమానికి, విరుద్ధమైన భాషకు ఆయన ఇచ్చిన ఉదాహరణలు వస్తాడు, తెస్తాడు, వచ్చీని, తెచ్చీని. ఈ నాలుగింటినీ మరొకసారి చదవండి. వచ్చీని, తెచ్చీని నేటి రాతలో ఎక్కడా కనిపించవు. వస్తాడు, తెస్తాడు మాత్రం ప్రతి పత్రికలోనూ, ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నాయి. అవి తప్పని ఈరోజు ఏ ఉపాధ్యాయుడూ ఎర్ర సిరాతో గీత గీయడు. ఒకే గాటన కట్టిన నాలుగు మాటల్లో రెండు రాజ్యమేలాయి, రెండు మరుగైపోయాయి. ఆ తీర్పు వ్యాకరణం ఇవ్వలేదు, మాట్లాడేవాళ్ళు ఇచ్చారు.

అది సులువుగా జరగలేదు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. గ్రాంథిక భాషను కాపాడాలన్నది దాని పట్టుదల. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు జనం మాట్లాడే భాషకు రాతలో చోటివ్వాలని వాదించారు. విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న విషయంపై మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘం నివేదికకు గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. అప్పటికి ఆ వాదం ఓడింది. తర్వాతి దశాబ్దాల్లో పత్రికలూ రచయితలూ వాడుక భాషను గెలిపించారు.

గెలిచిన వాడుక భాష ఏ ప్రాంతానిదన్నది మరో ప్రశ్న. రాయలసీమలో ‘వచ్చినాడు’ అంటారు. అది నిండుగా ఉన్న రూపం. కోస్తాలో మధ్యనున్న ‘ఇన’ పోయి ‘వచ్చాడు’ అయింది. తెలంగాణలో దీర్ఘం పోయి, నకారం సున్నాగా మారి ‘వచ్చిండు’ అయింది. కోస్తా కోత బడికెక్కింది, పత్రికకెక్కింది, ప్రమాణమైంది. తెలంగాణ కోతకు యాస అని పేరు పడింది. కొలిచి చూస్తే రెండూ పొట్టి మాటలే. నిండు రూపం పలికే రాయలసీమవారిది కూడా యాస అనే పేరుతోనే చెలామణి అయింది. ఈ అన్యాయం గురించి ఎంత చెప్పినా తక్కువే.

తమిళంలో కథ వేరుగా సాగింది. 13వ శతాబ్దంలో పవణంది ముని రచించిన నన్నూల్ అనే వ్యాకరణం సహజమైన వాడుకను మూడు రకాలుగా విభజించింది. మూడవదాని పేరు ‘మరూఉ’. వాడుకలో రూపం మారిపోయి, ఆ మారిన రూపంలోనే పెద్దలు ఒప్పుకున్న మాట అని దాని అర్థం. సోళనాడు ‘సోణాడు’ కావడం దీనికి పేరుపడ్డ ఉదాహరణ. ఈనాటికీ తమిళులు తంజావూరును ‘తంజై’ అనీ, కోయంబత్తూరును ‘కోవై’ అనీ, తిరునెల్వేలిని ‘నెల్లై’ అనీ రాస్తారు. బస్సు మీదా రాస్తారు, కవితలోనూ రాస్తారు. ఎవరికీ అది గ్రామ్యంగా తోచదు. మనకు రాజమహేంద్రవరం రాజమండ్రి అయింది. 2015లో అధికారికంగా తిరిగి పాత పేరే పెట్టుకున్నాం.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. కుదించిన మాటకు వ్యాకరణంలో గౌరవమైన గది కట్టించిన తమిళం, క్రియల విషయంలో నేటికీ రాతలో నిండు రూపాలనే వాడుతుంది. ‘వరేన్’ అని పలికే మనిషి ‘వరుగిరేన్’ అని రాస్తాడు. గ్రామ్యమని ముద్ర వేసి బయట నిలబెట్టిన తెలుగు, వందేళ్ళు తిరిగేసరికి ఆ క్రియలనే రాతభాషగా తెచ్చుకుంది. అందువల్లే తెలుగు చదివిన మనిషి తెలుగు వీధిలో పెద్దగా తడబడడు. తమిళం చదివిన మనిషి చెన్నై వీధిలో మొదట తడబడక తప్పదు. తమిళం కష్టమనే మాట తెలుగువారి నోట వింటుంటాం. కష్టం భాషది కాదు, రాతకూ నోటికీ మధ్య ఉన్న దూరానిది.

ఊరి పేర్లలో దొంగ విస్తరణలు

పొట్టి పేరు చూసి నిండు పేరును ఊహించడం మనుషులకు సరదా. చాలాసార్లు ఆ ఊహ తప్పుతుంది. చింతాద్రిపేటలో చింతచెట్లను వెతుకుతారు. అది ‘చిన్న తరి పేట్టై’. తరి అంటే మగ్గం. 1730లలో నేతగాళ్ళ కోసం ఏర్పడిన పేట అది. పాండీ బజార్‌కు పాండిచ్చేరితో సంబంధం లేదు. సౌందరపాండియన్ పేరిట ఉన్న బజారు అది. టి.నగర్‌లోని ‘టి’ని సంగీత త్యాగరాజస్వామికి ముడిపెట్టే తెలుగువారు చాలామంది. ఆయన కాదు. తెలుగువాడే అయిన జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద ఏర్పడిన త్యాగరాయ నగర్ అది.

బెంగళూరు కథ మరీ ప్రసిద్ధం. 12వ శతాబ్దపు హోయసల రాజు వీరబల్లాలుడికి ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందనీ, ఆ ‘బెంద కాళూరు’ కుదించుకుని బెంగళూరు అయిందనీ చెబుతారు. కథ బాగుంది. కానీ బేగూరులోని నాగేశ్వర ఆలయం దగ్గర దొరికిన, సుమారు సామాన్య శకం 890 నాటి శాసనంలోనే బెంగళూరు పేరు ఉంది. ఆ రాజు పుట్టడానికి రెండు వందల ఏళ్ళ ముందే పేరు చిన్నదిగా ఉందన్నమాట. నిండు మాట దొరికిందని అనిపించినప్పుడు పాత రాతలో దానికి ఆధారం ఉందా అని చూసుకోవాలి. చెవికి నప్పడం ఆధారం కాదు.

ఇంటి తెలుగు సంగతి

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లల విషయంలో ఇదంతా మరో రూపం తీసుకుంటుంది. తమిళనాడు 2006లో చేసిన చట్టం ప్రకారం బడిలో తమిళం తప్పనిసరి. పిల్లలు తరగతిలో ‘వరుగిరేన్’ నేర్చుకుంటారు, ఆటస్థలంలో ‘వరేన్’ నేర్చుకుంటారు. రెండూ ఉన్నాయి గనుక తమిళంలో ఏది దేనినుంచి వచ్చిందో వాళ్ళకు తెలుసు. తెలుగు మాత్రం చాలామందికి ఇంట్లో వినపడే పొట్టి రూపాల్లోనే దొరుకుతుంది. ‘చేస్కో’ వింటారు, ‘చేసుకో’ కంటపడదు. ‘వెళ్ళొస్తా’ వింటారు, అందులో వెళ్ళడం, రావడం అనే రెండు పనులున్నాయని తెలియదు. నిండు రూపం తెలియని పిల్లవాడు చదవడం మొదలుపెట్టగానే, పుస్తకంలోని తెలుగు ఇంటి తెలుగు కాదని అనుకుంటాడు. పుస్తకం మూసేస్తాడు. ఇంట్లో భాష పోతోందని బాధపడే తల్లిదండ్రులు ఈ ఒక్క చోట శ్రద్ధ పెడితే చాలా మేలు జరుగుతుందని నా నమ్మకం.

మొదలుపెట్టవలసింది క్రియలతో. రోజూ వాడేవి ఇరవై తీసుకుని, పొట్టి రూపం, నిండు రూపం పక్కపక్కన రాయించండి. చేయొచ్చు పక్కన చేయవచ్చు, వెళ్ళొస్తాను పక్కన వెళ్ళి వస్తాను, పిల్లాడు పక్కన పిల్లవాడు. పిల్లలకు తమిళంలోని జంటలు ముందే తెలుసు గనుక, మూడో వరుసలో వాటిని వాళ్ళనే రాయనివ్వండి. అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే వాళ్ళ నోటి రూపాన్ని నాలుగో వరుసలో చేర్చండి. చిత్తూరువైపు నుంచి వచ్చిన తాతయ్యదీ, గుంటూరువైపు నుంచి వచ్చిన అమ్మమ్మదీ వేర్వేరు కోతలు కావచ్చు. రెండూ రాయించండి, ఏదీ కొట్టేయవద్దు.